ఆట చూడని రోగం

బ్లెస్సీని ఎవరన్నా ఇంట్ల నుంచి ఎత్తుకొని బయలుదేరిండ్రంటే, అది బాగుచేయించటానికే. రెండేండ్ల పిల్లప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయిన కాడ్నించి ఇరవై ఏడేండ్లుగా ఇదే వరస. బెజవాడ పోయిందంటే ఎముకల డాక్టరు దగ్గరికి, ఖమ్మం పోయిందంటే సూదుల డాక్టరు దగ్గరికి, గుంటూరు పోయిందంటే స్వస్థత సభకు. కృష్ణా నది ఎట్లుంటదో ఆమె సరిగ్గ చూడనే లేదు గని, ఆ ఒడ్డున ఉన్న ఆస్పత్రుల బల్లలన్నీ ఆమె వీపుకు తెలుసు.

సభల్లో ఆమెది ఎప్పుడూ ముందు వరసే. పాస్టరుగారు తలమీద చెయ్యి పెట్టి గట్టిగ ప్రార్థన చేసి, మైకు తెచ్చి ఆమె నోటికాడ పెట్టి, "బాగైందా తల్లీ?" అని అడిగేవారు. బాగైందంటే అబద్ధం. కాలేదంటే అంతమందిల ఆ పెద్దాయన మొహం చిన్నబోతది. అందుకని బ్లెస్సీ తలకాయ దించుకునేది. పాపం కృతజ్ఞతతోని ఏడుస్తాందని జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆమెకు మాత్రం లోపల మండుకొచ్చేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవ్వరూ నన్ను బాగుచెయ్యని చోటికి పోయి, అక్కడున్నది చూసి రావాలె, గంతే అనుకునేది. అడిగింది పెద్ద కోరికేం గాదు. కానీ తీర్చేటోడు దొరకలే.

మధిర రైలుస్టేషను ముంగట ఎస్టీడీ బూతు ఆమెది, వికలాంగుల కోటాల వచ్చింది. మూడు చక్రాల సైకిలు బూతు పక్కన పెట్టుకొని, పొద్దుందాక రిసీవర్లు అందించుడు ఆమె పని. నాలుగేండ్ల కింద ఒక పెద్దమనిషి వచ్చిండు, దూలయ్య అని, భద్రాచలం అవతల అడవిల ఊటగుంపు ఆయనది. మిరపకాయ ఏరనీకి మధిర వచ్చి, పని ముగియక విత్తనాల పండుగకు ఊరు పోలేకపోయిండు. వాళ్ళ ఊర్ల ఫోను లేదాయె. మండలంల కిరాణా కొట్టుకు ఫోను కలిపించుకున్నడు. ఆ రోజు అక్కడ సంత. వాళ్ళ ఊరోళ్ళు నెత్తికి కొమ్ములు కట్టుకొని సంతల ఆడుతున్నరు. కొట్టాయన రిసీవరు బయటికి పెట్టిండు.

దూలయ్య కొంచెం సేపు విని, కండ్లు తుడుచుకొని, రిసీవరు తెచ్చి బ్లెస్సీ చెవికి పెట్టిండు. "ఇనమ్మా, మావోళ్ళ డోళ్ళు. ఎన్నడన్న వచ్చి చూడు," అన్నడు.

వచ్చి చూడు. ఆ మాట ఆమెతోని ఎవ్వరూ అనలేదు ఎన్నడూ. వచ్చి చూపించుకో అన్నోళ్ళే గని, వచ్చి చూడు అన్నోళ్ళు లేరు. మీటరు తిరుగుతనే ఉంది, బ్లెస్సీ రిసీవరు వదలలే. ఆ బిల్లు ఆమె దూలయ్య దగ్గర తీసుకోనూ లేదు.

ఇగ సతీష్ సంగతి. భద్రాచలం పిలగాడు, సొంత జీపు ఉంది. వాళ్ళ నాయనకు షుగరు వ్యాధితో కాలు తీసేస్తే, కుర్చీల కూసోబెట్టుకొని గోదారి లాంచీ ఎక్కించిండంట. ఆ ముసలాయన సంతోషం చూసి, ఇట్లాంటోళ్ళు ఎంతమంది ఉన్నరో అనుకొని, జీపుకు వెనక చెక్క అమర్చి యాత్రలు మొదలుపెట్టిండు. 2006 ఎండాకాలంల కరపత్రాలు పట్టుకొని మధిర వచ్చి, ఒకటి బ్లెస్సీ బూతుకు అతికించిండు. 'వికలాంగుల విహారయాత్రలు. ఎవ్వరైనా, ఎక్కడికైనా' అని ఎర్రక్షరాలు.

బ్లెస్సీ రెండుసార్లు చదివి, "ఎక్కడికైనా అంటే ఎక్కడికైనానేనా తమ్ముడూ?" అన్నది.

"అవ్ అక్కా. గుడి, పర్ణశాల, పాపికొండల లాంచీ."

"అవన్నీ కాదు. ఊటగుంపు. విత్తనాల పండుగ ఆఖరి రోజు, కొమ్ముల ఆట."

సతీష్ తన కరపత్రం దిక్కే చూసిండు. ఊటగుంపుకు జీపు పోదు. రాళ్ళగూడెం దాకా పోతది, ఆడ్నించి కాలిబాట, మధ్యల వాగు. "అక్కా, ప్రెస్సోడు ఏదో అందంగ ఉంటదని వేసిండు ఆ ముక్క," అని నసిగిండు.

"అందంగనే ఉంది. అందుకే అడుగుతున్నా."

ఏమాటకామాటే, పిలగాడు మంచోడు. రెండు రోజులు ఆలోచించి, రాళ్ళగూడెంల మాట్లాడి, డోలీ ఏర్పాటు చేసిండు. గట్టి వెదురుబొంగుకు దుప్పటి ఊయలలెక్క కట్టి, ఇద్దరు ముందు ఇద్దరు వెనక మారి మారి మోస్తరు. ఇంట్ల అమ్మను ఒప్పించుడే కష్టమైంది. "ఉత్తగ చూడనీకి పోతారటే ఎవరైనా? అక్కడ డాక్టరు లేడు, పాస్టరు లేడు," అన్నది అమ్మ.

"లేరనే పోతున్నానమ్మా," అన్నది బ్లెస్సీ.

ఆఖరికి అమ్మ పావులీటరు సీసాల ప్రార్థన నూనె పోసి, కాళ్ళకు రాసుకోమని సంచిల పెట్టింది. తల్లి పాణం గదా.

భద్రాచలంల పొద్దున్నే ఐదు ఇడ్లీలు తిని జీపెక్కింది బ్లెస్సీ. ఈ ఇడ్లీల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తది. రాళ్ళగూడెంల నలుగురు మనుషులు తయారుగ ఉన్నరు. ఆట పొద్దుగూకేదాకనే. పొద్దుగూకితే కొమ్ములు విప్పి అటక మీద పెడితే మళ్ళ ఏడాది దాకా దించరు. అందుకని జల్దీగ బయలుదేరిండ్రు. అడుగు అడుగుకూ డోలీ ఊగుతుంటే, పైన టేకాకులు, మద్దిచెట్ల కొమ్మలు చూసుకుంట బ్లెస్సీ నవ్వుకుంది. ఇన్నేండ్ల ప్రయాణాల్లో మీదికి చూస్తే ఎప్పుడూ దవాఖానా ఫ్యానే కనపడేది.

వాగు దగ్గరికొచ్చినంక రాళ్ళగూడెంవాళ్ళు ఆగిండ్రు. అది వాళ్ళ పొలిమేర. అక్కడ ఇప్పచెట్టు కింద రెండు పంగ కర్రలు పాతి ఉన్నయి. బొంగును ఆ పంగల మీద ఆనించి, డోలీ నేలకు తగలకుండ వేలాడదీసిండ్రు. ఆ తొవ్వల కట్టుబాటు అది. ఎవరి పొలిమేర దాకా వాళ్ళే మోస్తరు. ఆడ్నించి పక్క ఊరోళ్ళు అందుకుంటరు. డోలీ నేల తాకరాదు. పెద్దమనిషి అడవి దిక్కు తిరిగి "కూ" అని కూత పెట్టిండు. అవతల నుంచి "కూ" అని జవాబు వచ్చింది. తునికాకు కొనే కల్లం మధ్యాహ్నానికి మూసేస్తరని వాళ్ళు నలుగురూ మర్లిపోయిండ్రు.

మరి సతీష్ ఏడున్నడంటే, నీళ్ళ సీసాలు జీపులనే మరిచిపోయిన్నని సగం తొవ్వల నుంచి వెనకకు ఉరికిండు. అయ్యగారి ఏర్పాట్లు అట్లుంటయి. అందరికీ అన్నీ చెప్పిండు గని, వాగు అవతలోళ్ళకు చెప్పాలన్న సంగతి మతికి రాలే.

అసలు కథ ఇక్కడ మొదలైతది. ఆ అడవిల డోలీ అనేది పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి ఒక్క దిక్కుకే పోయింది, ఊర్ల నుంచి దవాఖానాకు. ఆట చూడనీకి డోలీల మనిషి పోవుడు ఎవ్వరూ కనలే, వినలే. ఆ దవాఖానా రాళ్ళగూడెం దిక్కు లేదు. అడ్డతొవ్వన చింతగుంపు, వెదురుగుంపు దాటినంక సంత ఊర్ల ఉంది.

వాగు అవతలి తాళ్ళగుంపు నుంచి నలుగురు పరుగున వచ్చిండ్రు. ముందున్నాయన పేరు ఉంగయ్య, ముప్పై ఏండ్లుంటయి, మెడల తువ్వాల. దుప్పటి కింద బ్లెస్సీ సన్నటి కాళ్ళు చూసిండు. వాళ్ళల్ల వాళ్ళు కోయమాటల ఏదో అనుకున్నరు. బొంగు భుజానికెత్తి, ఎడమ తొవ్వ పట్టి ఉరుకుడు మొదలుపెట్టిండ్రు.

మొదట బ్లెస్సీకి తెలియలే. బాగా ఉరుకుతున్నరు, పాపం ఆటకు టైమైతదని అనుకుంది. కొంచెం దూరం పోయినంక, "ఊటగుంపు ఇంకెంత దూరమండి?" అని అడిగింది.

"ఊటగుంపెందుకు, సక్కగ దవాఖానాకే," అన్నడు ఉంగయ్య.

బ్లెస్సీ ఉలిక్కిపడి లేచి కూసోబోయింది, డోలీ ఊగి మళ్ళ పడింది. "దవాఖానాకా? నాకే జబ్బూ లేదండి."

"అట్లనే అంటరు," అన్నడు వెనకాయన.

"నిజంగా ఏం లేదు. నేను కొమ్ముల ఆట చూడటానికొచ్చాను."

నలుగురూ ఒకల మొహం ఒకలు చూసుకున్నరు. జ్వరం తలకెక్కిందని వాళ్ళకు ఖాయమైపోయింది. పోయే ముంగట మనిషికి గట్లనే ఆటపాటలు యాదికొస్తయని పెద్దలు చెప్పంగ విన్నోళ్ళు. ఇంకా జోరుగ ఉరికిండ్రు. బ్లెస్సీకి ఏడ్వాలో నవ్వాలో తెలియక నవ్వింది. ఆ నవ్వు విని వెనకాయన, "ఉంగా, జల్దీ నడువు," అన్నడు.

"డోలీ దించండి ముందు," అని గదమాయించింది.

"మందు పడేదాకా డోలీ దించరాదమ్మా. గది కట్టుబాటు."

"ఏంటి మీ కట్టుబాటు? మనిషిని ఎక్కడికని అడగక్కర్లేదా?" అని బూతులో బిల్లు ఎగ్గొట్టినోడి మీద అరిచినట్టు అరిచింది.

ఉంగయ్య ఉరుకుడు ఆపకుండనే చెప్పిండు. "రెండేండ్ల కింద మా చెల్లెను గిట్లనే తెస్తుంటే, ఒక పొలిమేర కాడ ఆపి, ఏమైంది, ఎప్పటి సంది అని అడిగిండ్రు. ఒక బీడీ కాలేంత సేపు. దవాఖానా మెట్ల కాడ పాణం పోయింది. గప్పటి సంది ఎవ్వరం అడగం. ఎత్తుకుంటం, ఉరుకుతం."

 బ్లెస్సీ ఆయన మెడ మీద చెమట కారుతుంటే చూసుకుంట ఉండిపోయింది. వీళ్ళను తిట్టెటట్టు లేదు. ఒప్పుకునెటట్టు అసలే లేదు. దేవుడా, ఇంత దూరం వచ్చి, అడవి దాటి, మళ్ళ బల్ల మీదికేనా అనుకొని కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. పైన పొద్దు నడినెత్తి మీదికొచ్చింది.

ఆ ఊర్లోళ్ళు అడగరు గని, చెప్పకుండ ఉండరు. చింతగుంపు పొలిమేరల డోలీ చేతులు మారినప్పుడు ఉంగయ్య, "కాళ్ళు పడిపోయినయ్," అన్నడు. ఉన్నమాటే. అందుకున్నోళ్ళు అది విని, పొద్దున లేచిన మనిషికి ఉత్తగ కాళ్ళెందుకు పడిపోతయని ఆలోచించి, వెదురుగుంపు పొలిమేరల, "పాము కరిసింది," అని అప్పజెప్పిండ్రు. ఉంగయ్యకు భుజం ఖాళీ అయినా వెనకకు పోలే. దవాఖానా మెట్లు దాటించేదాకా పోనని వెంట ఉరుకుతనే ఉన్నడు.

వెదురుగుంపుల ముత్తక్క అనే ముసలామె ఉంది, ఆ చుట్టుపక్కల పురుళ్ళన్నీ ఆమె చేతి మీదనే అయినయి. డోలీల ఆడమనిషి అనంగనే కొంగు బిగించి వచ్చింది. పాము కాటు ఏడ అని కాలు చూసింది, కనపడలే. కడుపు మీద చెయ్యి వేసింది. లోపల ఐదు ఇడ్లీలు గట్టిగ కూసొని ఉన్నయి.

"పాము గాదు, పాడు గాదు. నెలలు నిండినయి," అన్నది ముత్తక్క.

"అవ్వా, నాకు పెండ్లే కాలేదు," అన్నది బ్లెస్సీ బిత్తరపోయి.

ముత్తక్క వంగి ఆమె చెవిల మెల్లగ, "అయితే ఏమాయె బిడ్డా, గట్ల అయితయి. నేనెవ్వలకు చెప్ప," అన్నది. అని, నలుగురు మోసేటోళ్ళకూ, దారిల కలిసిన ఇద్దరికీ, తునికాకు కట్టలు మోసుకపోయే ఆడోళ్ళకూ చెప్పింది. ఆ కట్టలోళ్ళు అటు ఊర్లకు పోయి ఇంకొంచెం చేర్చిండ్రు.

దవాఖానాల డాక్టరు మీటింగుకు భద్రాచలం పోయిండు. ఉన్నది కాంపౌండరు రెడ్యా ఒక్కడే. ముత్తక్క కేక విని వేడినీళ్ళు పెట్టి, పురుడు బల్ల తుడిచి, చేతులు కడుక్కొని బయటికొచ్చిండు. డోలీ లోపలికి తొంగి చూసిండు. ఇరవై ఏండ్లు ఆ దవాఖానాల చేసినోడు, ఒక్క చూపుకే అర్థమైంది.

"పోలియో. ఎన్నేండ్లాయె?"

"ఇరవై ఏడు," అన్నది బ్లెస్సీ.

"అయితే అంత అర్జంటేం గాదు," అన్నడు రెడ్యా.

బ్లెస్సీకి పొద్దున్నించి దొరికిన మొదటి తెలివైన మనిషి ఆయనే. గడగడ సంగతంతా చెప్పింది, బూతు నుంచి ముత్తక్క దాకా. రెడ్యా నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగి తువ్వాలతోని మూతి తుడుచుకున్నడు. తర్వాత మోసేటోళ్ళ దిక్కు తిరిగి, "ఏం రోగం లేదు, ఈమెను ఊటగుంపుకు తీస్కపోండ్రి," అన్నడు.

ఒక్కడు కదల్లే.

"మందు లేకుండ ఎట్ల తీస్కపోతం సారూ?" అన్నడు ఉంగయ్య. "నాలుగు ఊర్లు మోసినం. మందు పడకుండ మర్లిస్తే రేపు ఇంకో డోలీని ఎవ్వలు మోస్తరు?"

ఆ మాటల న్యాయముంది. రెడ్యా గడ్డం గోక్కొని, డోలీ లోపలికి వంగి, "అమ్మా, ఒక బలం సూది వేస్తా. నష్టం లేదు. వాళ్ళు తృప్తిగ ఎత్తుకుంటరు," అన్నడు.

ఒక్క సూదితోని పోయే పని. ఇంకెవరైనా అయితే చెయ్యి చాపేటోళ్ళే. బ్లెస్సీ డోలీ దుప్పటి రెండు చేతుల గట్టిగ పట్టుకుంది. "వద్దన్నా. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి నన్ను బయటికి తీసుకొచ్చింది సూదులకే. ఈ ఒక్కరోజు సూది లేకుండా ఉండాలని వచ్చాను. పొడిపించుకొని పోతే ఇది కూడా దవాఖానాకు పోయొచ్చినట్టే అయితది. అంతకంటే ఆట చూడకపోయినా మంచిదే," అన్నది. దుప్పటి వదల్లే.

 రెడ్యా నవ్వు పోయింది. లోపలికి పోయి, బల్ల కాడ కూసొని ఓపీ చిట్టీ తీసి, తాపీగ రాసిండు. ముద్ర వేసిండు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి అందరూ వినేటట్టు చదివిండు.

"పేరు బ్లెస్సీ. ఊరు మధిర. రోగం: ఆట చూడని రోగం, ఇరవై ఏడేండ్ల నుంచి. మందు: కొమ్ముల ఆట. ఈ పొద్దే, పొద్దుగూకక ముందే పడాలె. డోలీలనే తీస్కపోవాలె."

 ఉంగయ్య, "గసొంటి రోగం ఉంటదా సారూ?" అన్నడు.

"ఉంటది. టౌన్లల్ల ఎక్కువ. మీకు రాదు," అన్నడు రెడ్యా.

ముత్తక్క తల ఊపింది. "నేను అప్పుడే అనుకున్న. కడుపు గట్టిగుంటే ఏందో అనుకున్న, లోపల ఉన్నది గిదన్నమాట," అన్నది. ఓటమి ఒప్పుకునే మనిషి కాదు ముత్తక్క.

సరిగ్గ అప్పుడే సతీష్ వచ్చిండు, రెండు నీళ్ళ సీసాలు, రొప్పుకుంట, చొక్కా చెమటకు పిండేటట్టు తడిసి. పాపం తాళ్ళగుంపుల అడిగితే కాళ్ళు పడిపోయినయన్నరు, చింతగుంపుల పాము కరిసిందన్నరు, వెదురుగుంపుల మగపిల్లోడు, తల్లీ పిల్లా క్షేమం అన్నరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నరా పెద్దలు. సతీష్ చేతిల మడతపెట్టిన కొత్త తువ్వాల ఉంది, పిల్లోన్ని చుట్టనీకి.

"అక్కా," అన్నడు, డోలీ లోపలికి చూడనీకి సిగ్గుపడుకుంట. "బాబంట గదా."

"ఆ తువ్వాల నీ మొహం తుడుచుకో," అన్నది బ్లెస్సీ. "చిట్టీ పట్టుకో. ఉరుకు."

ఇగ చూడాలె ఆ డోలీ పోకడ. ముందల రోగమని ఉరికిండ్రు, ఇప్పుడు మందుకు ఉరుకుతున్నరు. ప్రతి పొలిమేరల సతీష్ చిట్టీ చదువుడు, ముద్ర చూపుడు, మారు మాట లేకుండ కొత్త భుజాలు అందుకునుడు. ఈసారి ఉన్నమాటే ఉన్నట్టు పోయింది, ఎందుకంటే దాని మీద ముద్ర ఉంది. కానీ తీసేసిన భుజాలు కూడ వెనకకు పోతలేవు. మందు ఎట్ల పని చేస్తదో చూడాలని ముత్తక్కతో సహా అందరూ వెంటబడి వస్తున్నరు. పొద్దుటి నుంచి ఉరికిన ఉంగయ్య భుజం ఎర్రగ కందిపోయింది. బ్లెస్సీకి సంచిలున్న నూనె యాదికొచ్చింది. సీసా తీసి, "రాసుకోండన్నా," అని అందించింది. ఒకరి తర్వాత ఒకరు పన్నెండు భుజాలు ఆ నూనె రాసుకున్నయి. బ్లెస్సీ కాళ్ళ కోసం అంత ప్రార్థన చేసి పోసిన నూనె, ఆఖరికి ఆమెకు కాళ్ళైన భుజాలకే చేరింది. అమ్మకు ఈ సంగతి చెప్పొద్దని ఆమె అనుకుంది, మళ్ళ చెప్పాలె అనుకుంది.

ఊటగుంపు దగ్గరపడే టైముకు పొద్దు చెట్ల మీదికి వాలింది. దూరం నుంచి డోళ్ళ చప్పుడు వచ్చింది. నాలుగేండ్ల కింద చెవిల విన్న చప్పుడే, కానీ అప్పుడు తీగలకెల్లి వచ్చింది, ఇప్పుడు నేలకెల్లి బొంగుకెక్కి, బొంగుల నుంచి ఆమె వీపుకు వచ్చింది. అంతల టక్కున ఆగిపోయింది.

బ్లెస్సీ బొంగు పట్టుకొని తల ఎత్తింది. "అయిపోయిందా?" అన్నది. మోసేటోళ్ళు బొంగు సర్దుకున్నరు. ఇంకా జోరుగ ఉరికిండ్రు.

ఊరి నడుమ ఆడేటోళ్ళు వరసగ నిలబడి తలకున్న కొమ్ములు విప్పుతున్నరు. అప్పటికే సగం మంది విప్పి చాపల మీద పెట్టిండ్రు. పెద్దడోలు మెడల వేసుకున్న ముసలాయన పట్టీ వదులు చేస్తున్నడు. ముప్పై మంది వెంటరాంగ ఒక డోలీ ఊర్లకు ఉరికొచ్చుడు చూసి ఆయన బిత్తరపోయిండు. బయటికి పోయే డోలీలు చూసిండు గని, లోపలికి వచ్చేది ఎన్నడూ చూడలే. దగ్గరికొచ్చి తొంగి చూసి, "ఫోనమ్మా," అన్నడు.

దూలయ్యనే. పేరు తెలియదాయె, అందుకే ఫోనమ్మ.

"చూడటానికొచ్చాను," అన్నది బ్లెస్సీ. 

సతీష్ రొప్పుకుంటనే చిట్టీ చదివిండు. దూలయ్య చేతులు కట్టుకొని మొత్తం విన్నడు. "విప్పిన కొమ్ము మళ్ళ కట్టరాదు. ఇంకా విప్పనోళ్ళు ఎందరున్నరు?" అని అడిగిండు. ఐదుగురు. "దవాఖానా మందంటే దవాఖానా మందే. రాండ్రి," అని డోలు బిగించిండు.

ఐదుగురే ఆడిండ్రు. నెత్తిన అడవిదున్న కొమ్ములు, నడుమ నెమలీకలు, మెడల డోళ్ళు. ఒకరికొకరు ఎదురుబడి కొమ్ములు తాకిస్తుంటే, దుమ్ము లేచి పడమటి ఎండల ఎర్రగ కనపడుతుంటే, బ్లెస్సీ రెప్ప వేయలే. చెవి ఒక్కటే చూసిన దాన్ని ఇప్పుడు కండ్లు వింటున్నయి. సతీష్, "డోలీ దించుండ్రి, అక్క మంచిగ చూస్తది," అన్నడు. మందు పూర్తిగ పడేదాకా దించరాదన్నడు ఉంగయ్య. దించకుండ ఎంతసేపని నిలబడతరు. డోలు వింటుంటే వాళ్ళ కాళ్ళు ఆగుతయా? ముందు ఉంగయ్య మడమ కదిలింది, తర్వాత వెనకాయనది. చూస్తుండంగనే డోలీ వలయంలకు పోయింది. ఆడోళ్ళు వరస కట్టి, ఒకరి నడుము ఒకరు పట్టుకొని అడుగేస్తున్నరు. ముత్తక్క ఆ వరసల చేరి, ఒక చెయ్యి పక్కామె నడుము మీద వేసి, రెండో చేతితోని బ్లెస్సీ చెయ్యి పట్టుకుంది. అవతలి దిక్కు ఇంకో పిల్ల ఆమె రెండో చెయ్యి పట్టుకుంది. మూడడుగులు ముందుకు, ఒకటి వెనకకు. చూడనీకి వచ్చిన మనిషి, ఏం చూస్తది ఇగ. ఆడుతాందాయె.

ముత్తక్క చెమట కారుతున్న మొహం డోలీ లోపలికి వంచి, "బాగైందా బిడ్డా?" అని అడిగింది.

అదే మాట. మైకు లేదు, చప్పట్లు లేవు, ముందు వరస లేదు. బ్లెస్సీ ఈసారి తలకాయ దించుకోలే. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయె.

"బాగైందవ్వా," అన్నది.

ఆ మాట దూలయ్య చెవిల పడింది. రోగం తగ్గినంక మందెందుకని ఆయన డోలు కట్టె ఆపబోయిండు. బ్లెస్సీ అది చూసి గబుక్కున, "అంటే, ఇంకా పూర్తిగా తగ్గలేదు," అన్నది.